పరపతి లేనివారికి పరపతి: డాక్టరు పట్టాభి సీతారామయ్యగారి జీవితము

డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పేరు చెప్పగానే చదువుకొన్నవారికి మొదట జ్ఞప్తికి వచ్చునది 1939వ సంవత్సరపు త్రిపురి కాంగ్రెసు. ఆ యేడు అధ్యక్షపదవికి సుభాష్ చంద్ర బోసుగారితో పోటీచేసి ఆయన ఓడిపోయిరి. గాంధీమహాత్ముడు ఆ ఓటమిని తనదిగా భావించుటచే అది చరిత్రలో మరింత గట్టిగా నిలిచిపోయినది. డెబ్బదితొమ్మిదేండ్లు జీవించి, అందు ఏబదేండ్లకు దగ్గరగా ప్రజల పనిలో గడపిన మనిషిని ఒక్క ఎన్నికలోని ఓటమితో గుర్తుంచుకొనుట న్యాయము కాదు. ఆయన తెలుగుదేశమునకు చేసిన మేలు ఓట్ల పెట్టెలలో కంటె బ్యాంకుల చిట్టాలలో ఎక్కువగా కనుపించును. కష్టపడగల శక్తి ఉండియు చేత పెట్టుబడి లేనివానికి, వడ్డీవ్యాపారి గుమ్మము త్రొక్కకుండ నాలుగు రూపాయలు దొరకు త్రోవ యేది అన్న ప్రశ్నకు ఆయన జీవితమున పెద్ద భాగము సమాధానమైనది.

పట్టాభిగారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన గుండుగొలను గ్రామమున జన్మించిరి. కొల్లేటికి చేరువనున్న ఆ యూరు నాడు కృష్ణాజిల్లాలోనిది. పిమ్మట పశ్చిమగోదావరికి, 2022 నుండి ఏలూరు జిల్లాకు చెందినది. కుటుంబము కలిగినది కాదు. చదువు ఏలూరు మిషను పాఠశాలలో మొదలై, బందరు నోబుల్ కళాశాలలో సాగి, మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టముతో ముగిసినది. అటుతరువాత వైద్యము చదివి ఎం.బి.సి.ఎం. పట్టము పొంది, బందరు చేరి వైద్యవృత్తి ప్రారంభించిరి. ఆ కాలమున ఆ పట్టము గలవానికి సర్కారు ఉద్యోగము గాని, పట్టణమున మంచి సంపాదన గాని కష్టము కాదు.

బందరనగా ఎట్టి యూరో ఇచట కొంచెము చెప్పవలెను. ఒకప్పుడు డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు కలంకారి వస్త్రములకై ఓడలతో వచ్చి నిలిచిన రేవది. పుదుచ్చేరిలో నివసించు మనకు ఫ్రెంచివారి కథ క్రొత్త కాదు. ఇచటివలెనే అచటను వారికి కోఠీ ఉండెను. 1864లో వచ్చిన ఉప్పెనలో దాదాపు ముప్పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. రేవు దిగజారెను, అద్దకము పని దిగజారెను. కాని బందరు వెనుకనున్న పల్లెలకు బెజవాడ ఆనకట్ట వలన నీరు వచ్చెను. 1855లో ఆ ఆనకట్ట పూర్తియైనది మొదలు డెల్టాలో వరి పండెను, ధాన్యము అమ్ముడుపోయెను, భూముల వెల హెచ్చెను. చూచువారికి అది సంపన్నసీమ. లోన తరచి చూచిన అది అప్పులసీమ.

నీరు వచ్చిన యూర అప్పు తగ్గవలెను గదా యని మనకు తోచును. జరిగినది వేరు. భూమికి వెల హెచ్చినకొలది ఆ భూమిని చూచి అప్పు ఇచ్చువాడు ధైర్యముగా ఇచ్చును. పంట వచ్చునది ఏడాదికొకమారు. శిస్తు కట్టవలసినది కిస్తీల గడువున. విత్తనము, ఎడ్లు, కూలి ముందుగనే కావలెను. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు వ్రాసి ఇచ్చిన రైతునకు, వడ్డీ కట్టక తిరిగి అసలులో కలిపి వ్రాసినచో మూడేండ్ల పైచిల్లరలో అప్పు రెట్టింపగును. భూమి లేనివాని గతి ఇంకను హీనము. వానకారున బస్తా వడ్లు నాములకు తెచ్చుకొన్న కూలివాడు కోతలనాడు బస్తాన్నర కొలువవలెను. ఆరు నెలలకు నూటికి ఏబది వడ్డీ అన్నమాట. కొలతపాత్ర అప్పిచ్చినవానిది, లెక్క అప్పిచ్చినవానిది. వాడు మరుసటి యేడు మరల వచ్చునని ఋణదాతకు తెలియును. వచ్చుట తప్పదని ఋణగ్రస్తునకును తెలియును.

ఈ చిక్కునకు మందు జర్మనీలో దొరకెనని కొందరు పెద్దలు అప్పటికే గుర్తించిరి. అచట రైఫైజన్ అను పురపాలకాధికారి 1860 దశాబ్దమున పల్లెవారిచేతనే పరపతి సంఘములు పెట్టించెను. దాని కిటుకు చాల సులభము. ఒంటరిగా పేదవాని మాటకు విలువ లేదు. ఇరువదిమంది కలసి, ఎవరు ఎగవేసినను తక్కినవారు పూచీయని వ్రాసియిచ్చినచో ఆ మాటకు విలువ వచ్చును. పూచీ తలమీద ఉన్నందున ఎవనికి ఎంత ఇవ్వవచ్చునో, ఎవడు కల్లుపాకకు పోవునో, ఎవడు పొలమునకు పోవునో వారే చూచుకొందురు. అప్పు ఇచ్చుటకు ముందు ఆరా తీయుటకు పట్టణపు బ్యాంకునకు అగు ఖర్చు ఆ సంఘమునకు కాదు. ఆరా రచ్చబండ మీదనే తెలియును. మదరాసు ప్రభుత్వము పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ దొరగారు ఐరోపా వెళ్లి ఈ పద్ధతులు పరిశీలించి 1895-97 ప్రాంతమున నివేదిక సమర్పించిరి. దాని ఫలితముగా 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను.

ఆ చట్టము పల్లె సంఘమునకు ప్రాణము పోసెను గాని దానికి అన్నము పెట్టలేదు. సభ్యులందరు అప్పు కావలసినవారే అయినపుడు డబ్బు ఎచటనుండి రావలెను? ఊరూర సంఘములను కలిపి, పట్టణమునందు డబ్బున్నవారి డిపాజిట్లు రాబట్టి, ఆ సొమ్మును సంఘములకు పంపిణీచేయు కేంద్ర బ్యాంకు కావలసియుండెను. 1912 నాటి రెండవ చట్టము అట్టి కేంద్ర బ్యాంకులకు అనుమతినిచ్చెను. మూడేండ్లు తిరుగకముందే, 1915లో, బందరున కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు వెలసెను. దానిని నెలకొల్పినవారిలో పట్టాభిగారు ముఖ్యులు.

వైద్యుడు ఈ పనిలోనికి ఎందుకు దిగెనని అడుగవచ్చును. అప్పటికే ఆయన వట్టి వైద్యుడు కారు. కోపల్లె హనుమంతరావుగారు, కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావుగారు, ఆయన ముగ్గురు కలసి 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. చదువుతోపాటు చేతిపని నేర్పవలెనని ఆ కళాశాల ఆశయము. చేతిపని నేర్చినవాడు బయటకు వచ్చి మగ్గమో కొలిమియో పెట్టుకొనుటకు పెట్టుబడి ఎవరిత్తురను ప్రశ్న అందుండి దానంతటదే పుట్టును. అదిగాక వైద్యునకు ఇంటి లోపలి సంగతి తెలియును. పథ్యము చెప్పినపుడు పాలు కొనగల ఇల్లేదో, కొనలేని ఇల్లేదో ఆయనకు తెలియకపోదు. ఏమైనను, ఆ దశాబ్దము ముగియకముందే ఆయన సాగుచున్న వైద్యమును వదలి పూర్తిగా దేశసేవకు దిగిరి. 1919 నుండి జన్మభూమి అను ఆంగ్ల వారపత్రికను బందరునుండి నడపిరి. ఆంధ్రులకు వేరు రాష్ట్రము కావలెనని మొదట వాదించినవారిలో ఒకరై, 1918లో కాంగ్రెసునందు ఆంధ్రకు వేరు శాఖ వచ్చుటకు పాటుపడిరి.

రాజకీయములలో ఆంధ్రకు వేరు గది అడిగిన మనిషి, ధనవ్యవహారములలోను వేరు గది కావలెనని తలచుటలో వింతలేదు. ఆనాడు దక్షిణదేశమున పెద్ద బ్యాంకులన్నియు మదరాసున ఉండెను. 1906లో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి వేలకొలది మదుపుదారులను ముంచినది మొదలు, తెల్లవారి కొట్లలో డబ్బు దాచుటకు మనవారు భయపడిరి. మరుసటి యేట ఇండియన్ బ్యాంకు పుట్టుటకు ఆ భయమే కారణము. కాని అదియు మదరాసుదే. డెల్టాలోని వకీలు, ఉద్యోగి, వితంతువు దాచుకొన్న సొమ్ము డెల్టాలోని వర్తకునకు, రైతునకు, మిల్లువానికి అందు వంతెన లేదు. సహకార సంఘము సాగుకై అప్పు ఇచ్చును గాని, పంట కొని అమ్ము వర్తకము దాని పరిధిలోనిది కాదు. రెండవ ఱెక్కగా పట్టాభిగారు 1923వ సంవత్సరము నవంబరు 20న ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించిరి. అదే నెల 28న పని ప్రారంభమాయెను. అధికృత మూలధనము పది లక్షలు. నిజముగా చెల్లించబడినది ఒక లక్ష రూపాయలు. ఈనాడు ఒక ఉద్యోగి ఇల్లు కొనుటకు తీయు అప్పులో ఒక చిన్న భాగమది. ఆనాడు ఆ లక్ష రూపాయలలో వాటా తీసికొనుడని గుమ్మము గుమ్మము తిరిగి నచ్చజెప్పుట ఎట్టి పనియో, చందాల పుస్తకము చేతబట్టి ఇందిరా నగర్ వీధులు తిరిగిన మన సంఘ కార్యదర్శులకు చెప్పనక్కరలేదు.

అచటితో ఆగక 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని, 1929లో భారత లక్ష్మీ బ్యాంకును, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సును నెలకొల్పిరి. ఇన్నింటిని ఒక్కరే ఏల పెట్టవలెనని విమర్శించువారు ఉండవచ్చును. కాని వీనిలో ఒక వరుస కలదు. పేదవాడు అప్పు పుచ్చుకొని నిలద్రొక్కుకొనునాటికి ఇంటి యజమాని మరణించినచో, ఆ యిల్లు మరల మొదటికి వచ్చును. అందుచే పొదుపు, అప్పు, భీమా మూడును ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నడువవలెను. ఈ సంగతి నేటి సూక్ష్మరుణ సంస్థలు పుస్తకములలో చదివి నేర్చుకొనుచున్నవి. బందరున అది తొంబది యేండ్ల క్రిందటనే ఆచరణలోనికి వచ్చెను.

తన యాజమాన్యములోని సంస్థల వ్యవహారము సాధ్యమైనంతవరకు తెలుగున జరుగవలెనని ఆయన పట్టుబట్టిరని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. చాలమంది దీనిని భాషాభిమానముగా మాత్రమే లెక్కించిరి. నా దృష్టిలో ఇది పరపతికి సంబంధించిన విషయమే. తాను వ్రేలిముద్ర వేయు కాగితములో ఏమున్నదో చదివించుకొని తెలిసికొనగల రైతునకును, తెలియని రైతునకును గల భేదము వడ్డీరేటులో గల భేదము కంటె తక్కువైనది కాదు.

పరీక్షాకాలము వెంటనే వచ్చెను. 1929 తరువాత ప్రపంచమంతట ధరలు కూలిపోయెను. డెల్టాలో ధాన్యము ధర సగమునకు దగ్గరగా పడెను. అప్పు మాత్రము రూపాయలలో వ్రాసినది వ్రాసినట్లే యుండెను. అనగా పది బస్తాలతో తీరవలసిన బాకీకి ఇరువది బస్తాలు కావలసివచ్చెను. సహకార సంఘములలో బకాయిలు పేరుకొనెను. ఇరువదిమంది పూచీ అన్న సూత్రము, ఇరువదిమంది ఒక్కమారే మునిగినపుడు ఎవరిని కాపాడగలదు? ఆ లోపము రైఫైజన్ పద్ధతిలోనే ఉన్నది. దానికి పట్టాభిగారి వద్దను పూర్తి మందు లేకపోయెను. 1938లో మదరాసు శాసనసభ రైతుల ఋణవిమోచన చట్టము చేయవలసివచ్చెను. అదే యేడు ట్రావన్కూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు పడిపోయి దక్షిణదేశమంతట డిపాజిటుదారులు బ్యాంకుల ముందు బారులు తీరిరి. ఆ తుపానులన్నిటిలో ఆంధ్రా బ్యాంకు నిలిచెను.

ఈలోపల సంస్థాపకుడు చెరసాలలకు పోవుచు వచ్చుచుండిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహమున శిక్ష పొందిరి. అటుపిమ్మటను శిక్షలు తప్పలేదు. 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవమునకు ఆ సంస్థ చరిత్రను ఆంగ్లమున వ్రాసిరి. 1942 ఆగస్టులో కార్యవర్గ సభ్యులతోపాటు అరెస్టయి అహమ్మదునగరు కోటలో దాదాపు మూడేండ్లు గడపిరి. నెహ్రూ, పటేలు, ఆజాదుగారలు అచటనే యుండిరి. పట్టాభిగారి దినచర్య 1946లో పుస్తకముగా వెలువడెను. 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌గారిపై గెలిచి, త్రిపురిలో తప్పిన అధ్యక్షపదవిని జయపురపు కాంగ్రెసులో అలంకరించిరి. నెహ్రూ, పటేలులతో కలసి భాషారాష్ట్రముల సంఘమున కూర్చుండిరి. ఆ కథ మరొక వ్యాసమునకు తగినది. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండిరి.

ఆయన గవర్నరుగా నుండగా, 1954లో, రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిలభారత గ్రామీణ పరపతి పరిశీలన నివేదిక వెలువడెను. దేశములో రైతులు తీసికొన్న మొత్తము అప్పులో సహకార సంఘములు ఇచ్చినది నూటికి 3.1 వంతు మాత్రమే యని అది తేల్చెను. వాణిజ్య బ్యాంకులు ఇచ్చినది ఒక వంతు కంటెను తక్కువ. వృత్తిరీత్యా వడ్డీవ్యాపారులును, వ్యవసాయము చేయుచు అప్పులిచ్చువారును కలసి ఇచ్చినది నూటికి డెబ్బదికి దగ్గర. ఏబది యేండ్ల సహకారోద్యమమునకు ఇది చేదు లెక్క. ఇంకొక చేదు సంగతి కూడ మనము దాచరాదు. పట్టాభిగారు నెలకొల్పిన సంస్థలు మేలుచేసినది ప్రధానముగా కొంచెమో గొప్పో భూమి గలవానికి, దుకాణము గలవానికి. తాకట్టు పెట్టుటకు ఏమియు లేని కూలివాడు, కల్లుపాకకు పోవు భర్త గల ఆడుది, ఆ కాలపు సంఘముల సభ్యత్వపు పుస్తకములో అరుదు. ఇది ఆయన ఒక్కరి లోపము కాదు, ఆ తరమువారందరిది, కాని లోపమే.

1956లో జీవిత భీమా జాతీయమై, ఆంధ్రా ఇన్సూరెన్సు నూతన భీమా సంస్థలో కలసిపోయెను. 1959వ సంవత్సరము డిసెంబరు 17న పట్టాభిగారు హైదరాబాదున కీర్తిశేషులైరి. 1964లో భారత లక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో చేరెను. 1980 ఏప్రిలు 15న ఆంధ్రా బ్యాంకు జాతీయమాయెను.

ఆయన తరము వదలిన భాగమును పూరించినవారు ఆడువారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమము జిల్లాలు దాటెను. సారాకు పోవు రూపాయి ఇంట మిగులగా ఆ రూపాయితో పొదుపు సంఘములు ఏర్పడెను. అదే యేడు నాబార్డు దేశములో ఐదువందల స్వయంసహాయ బృందములను బ్యాంకులకు జోడించు ప్రయోగము ప్రారంభించెను. పదిమంది మొదలు ఇరువదిమంది వరకు స్త్రీలు, నెలనెల కొంచెము పొదుపు, తమలో తామే అప్పు, ఒకరికొకరు పూచీ, పిమ్మట బ్యాంకు అప్పు. రైఫైజన్ సంఘమే చీర కట్టుకొని వచ్చినట్లుండెను. ఉత్తర తెలంగాణములో కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషను అను లాభాపేక్ష లేని సంస్థ వరంగల్లు, కరీంనగరు జిల్లాల పల్లెలలో మహిళా పొదుపు సహకార సంఘములను పెంచెను. ఆ సంస్థ అప్పు ఇవ్వదు. లెక్క వ్రాయుట, సభ జరుపుట, ఎన్నిక నిర్వహించుట నేర్పును. డబ్బు సభ్యురాండ్రదే. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము అట్టివానిని సర్కారు పెత్తనము నుండి తప్పించెను. ఆ త్రోవన అప్పు తీసి గేదె కొన్నవారు, ఇడ్లీ బండి పెట్టినవారు, కుట్టుమిషను కొన్నవారు మన యిండ్లకు వచ్చు బంధువులలోనే కొందరు కనుపింతురు.

త్రోవ తప్పినవారును కలరు. సేవాసంస్థలుగా మొదలైన కొన్ని సూక్ష్మరుణ సంస్థలు లాభమునకై నడచు కంపెనీలుగా మారి, పొదుపు మాట మరచి, ఒకే యింటికి మూడు నాలుగు అప్పులు అంటగట్టి, వారమువారము కంతులకై వాకిట కూర్చుండిరి. ఆత్మహత్యల వార్తలు వచ్చెను. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి వారిని అడ్డుకొనెను. పూచీ పడినవారు పొరుగువారి మేలు కోరినపుడు అది బలము. కంపెనీ ఉద్యోగికి వసూలు సాధనమైనపుడు అదే ఉరిత్రాడు. 2015లో విజయవాడయందు బయటపడిన కాల్‌మనీ వ్యవహారము ఇంకను పాతకాలపు వడ్డీయే. బందరునకు నలువది మైళ్ల పైచిల్లర దూరమున, కేంద్ర బ్యాంకు పుట్టిన నూరేండ్లకు, అట్లు జరిగెను. మనము ఉదయమున ఇందిరా నగర్ వీధిలో కూరలు కొను తోపుడు బండివానికి ఆనాటి పెట్టుబడి ఏ వడ్డీకి వచ్చెనో ఒకమారు అడిగి చూచినచో, ఈ కథ తెలుగుదేశముతో ఆగలేదని తెలియును. జీతము అందుకొను మనకు, వేతనములో నెలనెల మినహాయించు ఉద్యోగుల పొదుపు పరపతి సంఘమున్నది. పెండ్లికో వైద్యమునకో అర్జీ పెట్టిన అప్పు వచ్చును. బండివానికి అట్టిది లేనిచో సాయంకాలమునకు వానికి మిగులునది వడ్డీ పోగా మిగిలినది.

2020 ఏప్రిలు 1వ తేదీన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమాయెను. అప్పటికి దానికి 2,800కు మించిన శాఖలుండెను. ఆంధ్ర అన్న పేరు బోర్డు మీదినుండి పోవుచున్నదని తెలుగువారు ఆందోళన చేసిరి, పేరు నిలువలేదు. పట్టాభిగారు 1915లో బందరున నెలకొల్పిన సహకార కేంద్ర బ్యాంకు మాత్రము బందరుననే యున్నది. ఈనాటికిని ఆ జిల్లా పల్లెలలోని ప్రాథమిక సంఘముల ద్వారా, సార్వా నాట్ల వేళకు, రైతులకు పంట అప్పు ఇచ్చుచున్నది.